పైసా రాని ఓవర్‌టైమ్, ఉలకని పలకని మేనేజర్: బెంగళూరు ఉద్యోగులు వరుసగా ఏం చేయాలి?

మారతహళ్ళి పీజీల నుంచి, బెళ్ళందూరు ఫ్లాట్ల నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒకటే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "రోజుకి పదకొండు, పన్నెండు గంటలు చేస్తున్నాను. ఓవర్‌టైమ్ అన్న మాటే లేదు. మేనేజర్‌కి చెప్తే 'చూద్దాం' అంటాడు. హెచ్‌ఆర్‌కి చెప్తే మేనేజర్‌తో మాట్లాడమంటారు. ఒంట్లో ఓపిక లేదు. ఏం చేయమంటారు?" అడిగేవాళ్లు అనంతపురం వాళ్లు కావచ్చు, ఖమ్మం వాళ్లు కావచ్చు. అడిగేది మాత్రం అదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

"పని ఎక్కువైంది సార్" అంటే ఏ మేనేజర్ చెవికీ ఎక్కదు. ఆయనకీ ఎక్కువగానే ఉంది మరి. అదే "గత నాలుగు వారాల్లో 31 గంటలు అదనంగా చేశాను, ఏ రోజు ఎంతో ఇదిగో" అని రాసి పంపితే జవాబు చెప్పక తప్పదు. చెప్పకపోతే, చెప్పలేదన్న సంగతి తేదీతో సహా నిలిచి ఉంటుంది. రెండిట్లో ఏది జరిగినా మీకు పనికొస్తుంది. కింద ఉన్నదంతా ఆ లెక్క ఎలా తయారు చేయాలి, దాన్ని ఎవరి ముందు ఎలా పెట్టాలి అన్నదే.

ఒళ్లు సహకరించకపోతే ముందు ఇది

నిద్ర పట్టకపోవడం, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ, ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తే విసుక్కోవడం, చిన్న మెయిల్ రాయడానికి గంట పట్టడం. ఇవి వారాల తరబడి ఉంటే కింది మెట్లన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్‌ని కలవండి. ఛాతీలో నొప్పి వస్తే అది టెన్షనా, గ్యాసా అని మీరే తేల్చుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చాయి.

చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నేరుగా కలవాలనుకుంటే హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. అంత పెద్దాసుపత్రి అంటే జంకు ఉన్నవాళ్లకు బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది.

సెలవు కోసం సర్టిఫికెట్ అడిగేటప్పుడు "బర్నవుట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడం) అని రాయండి" అని డాక్టర్‌ని పట్టుబట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది కానీ జబ్బుగా చెప్పలేదు. డాక్టర్ తనకు కనిపించింది రాస్తారు. మేనేజర్‌కి జబ్బు పేరుతో పని లేదు, ఇన్ని రోజులు విశ్రాంతి కావాలన్న కాగితం చాలు. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కడుతున్నవాళ్లు, ముఖ్యంగా షోరూముల్లో, బీపీఓల్లో ఉన్నవాళ్లు, ఈఎస్‌ఐ డాక్టర్ దగ్గరే సర్టిఫికెట్ తీసుకోండి. అర్హత ఉంటే జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. చాలామందికి ఆ కార్డు తమ దగ్గర ఉన్న సంగతే గుర్తుండదు.

దగ్గర పెట్టుకోవలసినవి

- మీ సొంత నోట్‌బుక్ లేదా సొంత ఫోన్‌లో ఒక షీట్. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు.
- ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్. పని గంటలు, నోటీస్ పీరియడ్, బాండ్ గురించి ఏం రాశారో గుర్తు పెట్టుకోండి.
- గత ఆరు నెలల పేస్లిప్‌లు, ఆఖరి రెండు అప్రైజల్ లెటర్లు.
- మీ కంపెనీ సెలవుల, కాంప్-ఆఫ్ (అదనపు పనికి బదులు ఇచ్చే సెలవు), ఆన్-కాల్ (పిలిస్తే పనికి అందుబాటులో ఉండే వంతు) పాలసీ. ఇంట్రానెట్‌లో ఉంటుంది. చదివినవాళ్లను నేను తక్కువే చూశాను.
- నాలుగు వారాల ఓపిక.
- ఉద్యోగం లేకుండా ఎన్ని నెలలు గడుస్తుందో తెలిపే ఒక అంకె. అద్దె, ఈఎంఐ, ఊరికి పంపేది అన్నీ కలిపి లెక్కేయండి. అంకె చిన్నదైనా ఫర్వాలేదు, తెలిసి ఉండాలి.

చట్టం గురించి కాస్త

బెంగళూరులో ఆఫీసులకూ దుకాణాలకూ వర్తించేది 1961 నాటి కర్ణాటక షాపుల, వాణిజ్య సంస్థల చట్టం. రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు. ఓవర్‌టైమ్ కలిపినా రోజుకి 10 గంటలు, మూడు నెలల్లో ఓవర్‌టైమ్ 50 గంటలు మించకూడదు. ఓవర్‌టైమ్‌కి మామూలు జీతానికి రెట్టింపు ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు తప్పనిసరి. ఈ పరిమితుల్ని పెంచాలన్న ప్రతిపాదన 2025లో వచ్చింది, ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. కాబట్టి ఫిర్యాదు రాసే రోజున ఈ అంకెల్ని మరోసారి సరిచూసుకోండి. చెన్నైలో ఉన్నవాళ్లకు తమిళనాడు 1947 చట్టం వర్తిస్తుంది, అక్కడ రోజుకి 8 గంటలే. మెట్లు మాత్రం ఇవే.

"ఐటీ కంపెనీలకు మినహాయింపు ఉంది కదా, ఈ చట్టాలు మనకి వర్తించవు" అని ఆఫీసుల్లో ఒక మాట ప్రచారంలో ఉంది. మినహాయింపు ఇచ్చినమాట నిజమే, అది ఉద్యోగ నిబంధనలకు సంబంధించిన, 2025లో కొత్త కోడ్ కిందికి వెళ్లిన స్టాండింగ్ ఆర్డర్స్ అనే వేరే చట్టం నుంచి. పని గంటలకూ దానికీ సంబంధం లేదు. పైగా ఆ మినహాయింపు కావాలంటే కంపెనీలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని, అందులో యాజమాన్యం తరఫునా ఉద్యోగుల తరఫునా సమానంగా సభ్యులు ఉండాలని ప్రభుత్వమే షరతు పెట్టింది. ఈ కమిటీ సంగతి అయిదో మెట్టులో అక్కరకొస్తుంది.

1. నాలుగు వారాలు గంటలు రాయండి

రోజూ పడుకునే ముందు రెండు నిమిషాలు. గుర్తున్నప్పుడు వారానికోసారి రాస్తే అది లెక్క కాదు, అంచనా. అవతలివాళ్లు ఒక్క రోజు తప్పు పట్టుకున్నా మిగతా రోజుల్ని నమ్మరు.

ఒక రోజు ఇలా ఉంటుంది:

సోమవారం. లోపలికి 9:40, బయటికి 7:15. భోజనం 50 నిమిషాలు. రాత్రి 9:30 నుంచి 10:50 వరకు ఇంటి నుంచి క్లయింట్ కాల్. చేరమన్నది టీమ్ లీడ్, మధ్యాహ్నం చాట్‌లో. మొత్తం 10 గంటల 5 నిమిషాలు. 9 దాటింది: 1 గంట 5 నిమిషాలు.

ఆఖరి వాక్యం కంటే దానికి ముందున్న "చేరమన్నది ఎవరు, ఎక్కడ చెప్పారు" అన్నదే విలువైనది. "మేం ఉండమనలేదు, తనే ఉండిపోయాడు" అన్న వాదనకి జవాబు అదే.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాట్లు:

భోజనం, టీ, టేబుల్ టెన్నిస్ సమయం తీసేయకుండా స్వైప్-ఇన్ నుంచి స్వైప్-అవుట్ దాకా మొత్తం పని కింద వేసేస్తారు. విరామం పని గంటల్లోకి రాదు. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న గంటన్నర కూడా రాదు, ఎంత కడుపు మండినా సరే.

శనివారం చేసిందంతా ఓవర్‌టైమే అనుకుంటారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు 9 చొప్పున 45 గంటలు అయ్యాయనుకోండి. శనివారం నాలుగున్నర గంటలు డిప్లాయ్‌మెంట్ (కొత్త సాఫ్ట్‌వేర్‌ని వాడకంలో పెట్టే పని) చేశారు. మొత్తం 49 గంటల 30 నిమిషాలు. చట్టం ప్రకారం 48 దాటిన గంటన్నరే ఓవర్‌టైమ్. మిగతా మూడు గంటలకు కంపెనీ పాలసీలో కాంప్-ఆఫ్ ఉందేమో చూసుకోవాలి. రోజువారీ లెక్కలో 9 దాటాయని ఒకసారి వేసిన గంటల్ని వారం లెక్కలో మళ్లీ కలపకండి.

నవంబర్ నుంచి మార్చి వరకు అమెరికా కాల్స్ మన గడియారంలో గంట ఆలస్యంగా జరుగుతాయి, అక్కడ వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి. పాత క్యాలెండర్ చూసి గుడ్డిగా సమయం వేయకుండా కాల్ జరిగిన సమయమే రాయండి.

జాగ్రత్త: ఆఫీసు మెయిల్స్‌ని సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేయవద్దు. కోడ్, క్లయింట్ పేర్లు, డాష్‌బోర్డుల ఫొటోలు తీయవద్దు. మీ ఓవర్‌టైమ్ సంగతి మూలకు పోయి మీ మీదే సమాచారం బయటపెట్టారన్న విచారణ మొదలవుతుంది. మీ నోట్‌బుక్‌లో మీరు రాసుకున్న గంటలకు ఆ ఇబ్బంది లేదు. ఎవరికీ చెప్పకుండా మీటింగులు రికార్డు చేయడం కూడా వద్దు.

సరిచూసుకోవడం: వారం చివర ఒక రోజు తీసుకుని మీ లెక్కని స్వైప్ రికార్డుతోనో, ఆఫీసు క్యాబ్ మెసేజ్‌తోనో పోల్చండి. పదిహేను నిమిషాల కంటే ఎక్కువ తేడా వస్తే మీరు రాసే పద్ధతిలో ఎక్కడో లోపం ఉంది.

టైమ్‌షీట్‌లో ఎనిమిది గంటలకు మించి వేయనివ్వరు, లేదా "ఎనిమిదే వెయ్యి" అని నోటితో చెప్తారు. ఇది దాదాపు ప్రతి ఒక్కరూ అడిగే విషయం. అబద్ధపు టైమ్‌షీట్ మీద మీ పేరే ఉంటుంది, రేపు మీ లెక్కకి అదే అడ్డొస్తుంది. వ్యాఖ్య రాసే గడి ఉంటే అందులో "అదనంగా 1 గంట 20 నిమిషాలు, క్లయింట్ కాల్" అని రాయండి. గడి లేకపోతే శుక్రవారం లీడ్‌కి రెండు లైన్లు పంపండి: "టూల్ 8 దాటనివ్వడం లేదు కాబట్టి 40 వేశాను. ఈ వారం నిజంగా పని చేసింది 51 గంటలు." గొడవ పడ్డట్టు ఉండదు, సమాచారం ఇచ్చినట్టే ఉంటుంది.

2. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోండి

మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్లకు షాపుల చట్టం వర్తించదు. అలాగని విజిటింగ్ కార్డు మీద "అసిస్టెంట్ మేనేజర్" అని ఉండగానే దారి మూసుకుపోయిందని అనుకోకండి. ఇలాంటి వివాదాల్లో హోదా పేరు కంటే చేసే పనికే బరువు. మీరు ఎవరికైనా సెలవు మంజూరు చేస్తారా? ఎవర్నైనా ఉద్యోగంలోకి తీసుకోగలరా, తీసేయగలరా? ఖర్చు మీద సంతకం పెట్టే అధికారం ఉందా? రోజంతా టికెట్లు (సిస్టమ్‌లో వచ్చే ఫిర్యాదులు, పనులు) మూస్తూ, కోడ్ రాస్తూ, ఎక్సెల్ నింపుతూ ఉంటే ఆ సంగతి ఒక పేజీలో రాసి పెట్టుకోండి.

థర్డ్ పార్టీ పేరోల్ మీద ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కూర్చునేది ఒక కంపెనీ భవనంలో, పేస్లిప్ ఇచ్చేది మరో కంపెనీ. మీ యజమాని పేస్లిప్ మీద ఉన్నవాళ్లు. క్లయింట్ మేనేజర్‌కి ఎంత మొరపెట్టుకున్నా ఆయన "మీ కంపెనీతో మాట్లాడండి" అని తప్పించుకుంటాడు, కాగితం ప్రకారం అది సరైనదే. మెయిల్ పేరోల్ కంపెనీకి వెళ్లాలి. రాత్రి ఉండమన్నది మాత్రం క్లయింట్ వైపు ఫలానా టీమ్ అని అందులో ఉండాలి.

3. గంటల్ని రూపాయల్లోకి మార్చండి

సీటీసీని (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుని) పన్నెండుతో భాగించకండి. అందులో పీఎఫ్‌లో కంపెనీ వాటా, గ్రాట్యుటీ, వేరియబుల్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఉంటాయి. పేస్లిప్‌లో ప్రతి నెలా వచ్చే బేసిక్, అలవెన్సులు తీసుకోండి. బోనస్ వదిలేయండి.

ఉదాహరణకి నెలకు 46,800. దాన్ని 26 రోజులతో భాగిస్తే రోజుకి 1,800. తొమ్మిది గంటలతో భాగిస్తే గంటకి 200. రెట్టింపు 400. నాలుగు వారాల్లో 31 గంటలు అయితే 12,400 రూపాయలు. ఎనిమిదితో భాగిస్తే ఎక్కువ వస్తుంది కానీ తక్కువ వచ్చే లెక్కే వేయండి, బేరం అక్కడి నుంచి కిందికి పోదు.

ఈ అంకెని మొదటి మెయిల్‌లో పెట్టొద్దు. మీ కోసం, తర్వాతి మెట్ల కోసం ఉంచుకోండి.

4. ముందు ముఖాముఖి, అదే రోజు మెయిల్

మేనేజర్‌తో అరగంట అడగండి. వెళ్లేటప్పుడు ఒక కోరిక, ఒక ప్రశ్న పట్టుకెళ్లండి. పది బాధలు పట్టుకెళితే ఆయన అన్నిటికంటే చిన్నది పట్టుకుని, అది తీర్చేసి, మొత్తం అయిపోయిందంటాడు. కోరిక ఆయన చేతిలో ఉన్నదై ఉండాలి: రాత్రి కాల్స్ వంతులవారీగా, వారంలో రెండు రాత్రులు కాల్ లేకుండా, శనివారం పనికి మరుసటి వారం కాంప్-ఆఫ్. జీతం పెంచడం ఆయన చేతిలో ఉండకపోవచ్చు.

పని తగ్గించమని అడిగే కంటే, పనుల జాబితా ముందు పెట్టి "ఈ వారం 45 గంటల్లో ఈ ఐదింటిలో మూడే అవుతాయి. ఏ రెండు ఆపమంటారు?" అనండి. ఎంచుకునే బాధ్యత ఆయన మీదికి వెళ్తుంది. "అన్నీ కావాలి" అంటే, "అయితే ఎన్ని గంటలు అవుతాయో రాసి పంపుతాను" అని చెప్పి బయటికి రండి.

ఆ సాయంత్రమే మెయిల్ పంపండి. పంపేది ఇంగ్లిష్‌లోనే కాబట్టి, అందులో ఏముండాలో చెబుతున్నాను:

"ఇవాళ మాట్లాడినందుకు ధన్యవాదాలు. జూన్ 2 నుంచి 28 వరకు నా పని గంటల లెక్క జత చేశాను. పరిమితి దాటి చేసినవి 31 గంటలు. అందులో 25 రాత్రి క్లయింట్ కాల్స్ వల్ల, 6 శనివారం డిప్లాయ్‌మెంట్ల వల్ల. వచ్చే వారం నుంచి రాత్రి కాల్స్‌ని టీమ్‌లో ముగ్గురం వంతులవారీగా తీసుకునేలా చేయమని కోరుతున్నాను. ఇప్పటిదాకా చేసిన 31 గంటలకు పాలసీ ప్రకారం ఓవర్‌టైమ్ వస్తుందా, కాంప్-ఆఫ్ వస్తుందా తెలియజేయగలరు. జూలై 11లోగా మీ జవాబు కోసం చూస్తాను."

ఇంతే. ఇందులో చట్టం సెక్షన్లు లేవు, బెదిరింపు లేదు, పక్క సీటువాడు ఆరింటికే వెళ్లిపోతాడన్న మాట లేదు. మొదటి మెయిల్‌కే పైవాళ్లందరినీ కాపీలో పెడితే మేనేజర్ సమస్యని వదిలేసి తన పరువు చూసుకుంటాడు. రాత్రి ఒంటిగంటకి రాసింది అప్పుడే పంపకండి, పొద్దున కాఫీ తాగాక ఒకసారి చదివి పంపండి.

ఇక జవాబులు ఎలా వస్తాయో చూద్దాం. బెంగళూరు అంతటా ఇవే నాలుగు.

"అందరూ చేస్తున్నారు కదా." దీనికి "నిజమే, అందుకే టీమ్ మొత్తం గంటలు ఒకసారి చూస్తే బాగుంటుంది" అనండి. వాదించకండి.

"నీకు టైమ్ మేనేజ్‌మెంట్ రాదు." ఇది మనసుకి తగిలే మాట, తగలాలనే అంటారు. "ఏ పనికి ఎన్ని గంటలు పట్టాలో చెప్పండి, నాకు పట్టింది ఇంత, తేడా ఎక్కడుందో చూసుకుంటాను" అని మెయిల్‌లో అడగండి. మాట్లాడుకున్నప్పుడు నోరు తిరగకపోయినా మెయిల్‌లో తిరుగుతుంది.

"అప్రైజల్‌లో చూసుకుందాం." సరే అనండి, అదే మాట మెయిల్‌లో రాయండి: "అదనపు గంటల్ని అప్రైజల్‌లో పరిగణిస్తామని ఈరోజు చెప్పారు." కాదంటే కాదని వాళ్లే రాయాలి.

"చూద్దాం", లేదా అసలు జవాబే లేదు. గడువు దాటిన మరుసటి రోజు అదే మెయిల్ కింద ఒక్క వాక్యం గుర్తుచేయండి. మరో వారం ఆగండి. ఆ తర్వాత అయిదో మెట్టు.

5. ఒక మెట్టు పైకి: స్కిప్-లెవెల్ (మేనేజర్‌కి పైఅధికారి), హెచ్‌ఆర్, కమిటీ

పాత మెయిల్ గొలుసు మీదే పైఅధికారినీ హెచ్‌ఆర్‌నీ చేర్చండి. కొత్తగా కథ మొదలుపెట్టకండి. "జూన్ 30న, జూలై 14న రాశాను, జవాబు రాలేదు. పరిష్కారం కోసం మీ దృష్టికి తెస్తున్నాను" అంటే చాలు. ఇప్పుడు రూపాయల లెక్క కూడా జత చేయవచ్చు. హెచ్‌ఆర్ మీకు శత్రువు కాదు, మీ తరఫు మనిషి కూడా కాదు. వాళ్ల పని కంపెనీకి చిక్కు రాకుండా చూడటం. తేదీలతో ఉన్న రాతపూర్వక ఫిర్యాదు చిక్కు కిందికి వస్తుంది, కారిడార్‌లో చెప్పుకున్న బాధ రాదు.

హెచ్‌ఆర్ కూడా మేనేజర్ దగ్గరికే తిప్పి పంపితే "మన కంపెనీలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ సభ్యులు ఎవరు? ఈ విషయం వారి ముందు పెట్టాలి" అని రాయండి. ఈ ఒక్క ప్రశ్నకే కొన్నిచోట్ల ఫోన్ మోగుతుంది.

మీ టీమ్‌లో ఇంకో ఇద్దరు ఇదే లెక్క రాస్తే బలం వేరు. అందరూ ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టడానికి భయపడతారు, అది సహజం. ఎవరి లెక్క వాళ్లు, ఎవరి మెయిల్ వాళ్లు, ఒకే వారంలో పంపినా సరిపోతుంది. కంపెనీ గ్రూపులో మాత్రం దీని గురించి చర్చించకండి.

హెచ్చరిక: ఈ దశలో కొందరికి హఠాత్తుగా పిప్ (పనితీరు బాగాలేదు, గడువులోగా మెరుగుపడాలి అనే నోటీసు) వస్తుంది. అందుకే పాత అప్రైజల్ లెటర్లు దగ్గర పెట్టుకోమన్నది. నిరుడు "బాగా చేస్తున్నారు" అన్నవాళ్లు ఫిర్యాదు వెళ్లిన నెలకే పనికిరారంటే ఆ వరుసే మాట్లాడుతుంది. మరికొందరిని మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి "ఇప్పుడే రాజీనామా మెయిల్ కొట్టు, లేకపోతే తీసేస్తాం, అప్పుడు రిలీవింగ్ లెటర్ కూడా రాదు" అంటారు. ఆ గదిలో మాత్రం ఏమీ టైప్ చేయకండి. "ఒక రోజు సమయం కావాలి, ఇంట్లో మాట్లాడాలి" అనండి. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం, నెల రోజుల నోటీసు లేదా నెల జీతం లేకుండా తీసేయకూడదని కర్ణాటక చట్టం చెబుతోంది. మీ అంతట మీరే రాజీనామా చేశారంటే ఆ రక్షణ పోతుంది. గది నుంచి బయటికి రాగానే, లోపల ఏం జరిగిందో మర్యాదగా రాసి హెచ్‌ఆర్‌కే మెయిల్ పెట్టండి.

6. ఈలోగా గంటలు కొద్దికొద్దిగా కోయండి

జవాబు వచ్చేదాకా పాత పద్ధతిలోనే నలిగిపోనక్కర్లేదు. ఒకేసారి ఆరింటికి లేచిపోతే గొడవ. వారంలో ఒక సాయంత్రం ఎంచుకుని, అది క్యాలెండర్‌లో పెట్టి, ముందురోజే లీడ్‌కి చెప్పి వెళ్లండి. మూడు వారాలు నడిస్తే రెండోది. ఫోన్‌లో ఆఫీసు చాట్ శబ్దం రాత్రి పదింటి తర్వాత ఆపేయండి. ఆన్-కాల్ వంతు ఉన్న వారం తప్ప.

సెలవులు వాడండి. షాపుల చట్టం ప్రకారం ఒంట్లో బాగాలేకపోయినా, ఇతర సరైన కారణమున్నా ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సెలవు ఉంది. ఇరవై రోజుల పనికి ఒకటి చొప్పున వచ్చే వార్షిక సెలవు దానికి అదనం. సంక్రాంతికి అడిగితే కుదరదన్నారని డిసెంబర్‌లో బాధపడే కంటే అక్టోబర్‌లోనే సిస్టమ్‌లో పెట్టేయండి. తిరస్కరిస్తే సిస్టమ్‌లోనే తిరస్కరించాలి. నోటితో వద్దన్నారని మీరే వెనక్కి తీసుకోకండి.

7. బయటి సాయం

రెండు దారులున్నాయి, రెండూ కలిపి వెళ్లవచ్చు. ఐటీ, ఐటీఈఎస్‌లో (బీపీఓల వంటి ఐటీ ఆధారిత సేవల్లో) ఉన్నవాళ్లకు 2017లో ఏర్పడిన కేఐటీయూ ఉంది. బలవంతపు రాజీనామాలు, పని గంటల వివాదాలు వాళ్లకు కొత్త కాదు. మీ సమస్య ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో ముందే తెలుస్తుంది.

రెండోది కార్మిక శాఖ. ప్రధాన కార్యాలయం బన్నేరుఘట్ట రోడ్డులో డెయిరీ సర్కిల్ దగ్గరి కార్మిక భవన. మీ ఆఫీసు ఉన్న ప్రాంతాన్ని బట్టి లేబర్ ఇన్‌స్పెక్టర్ ఎవరో అక్కడ కనుక్కోండి. ఫిర్యాదు రెండు పేజీలకు మించకూడదు: మీరు ఎవరు, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు, ఏం పని చేస్తారు, నాలుగు వారాల లెక్క, ఎవరికి ఎప్పుడు రాశారు, ఏం జవాబు వచ్చింది, ఏం కోరుతున్నారు. రెండు కాపీలు పట్టుకెళ్లి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకునే బయటికి రండి. కన్నడ రాకపోతే వచ్చిన స్నేహితుణ్ణి తీసుకెళ్లండి, పని తేలికవుతుంది.

నా అభిప్రాయం దాచను. నెలలో పన్నెండు వేల కోసం ఒంటరిగా ఈ దారి పట్టడం చాలామందికి గిట్టుబాటు కాదు, ఫిర్యాదు నడుస్తుండగా అక్కడే ఉద్యోగం చేయడం కష్టం. జీతమే ఆపేసినా, బలవంతంగా తీసేసినా, వారాంతపు సెలవే లేకుండా చేయించినా, నలుగురైదుగురు కలిసి ఉన్నా మాత్రం వెళ్లాల్సిందే. పెద్ద మొత్తం పోయిందనుకుంటే ముందు కార్మిక చట్టాలు చూసే లాయర్‌కి ఒక గంట ఫీజు ఇచ్చి మీ కాగితాలు చూపించండి.

ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి మెయిల్ పంపిన ఆరు వారాలకు మళ్లీ రెండు వారాలు గంటలు రాయండి. మేనేజర్ మాట తీరు మారిందా, టీమ్ లంచ్‌కి తీసుకెళ్లాడా అన్నవి లెక్కలోకి తీసుకోకండి. చూడాల్సినవి మూడే: అదనపు గంటలు తగ్గాయా, పాత గంటలకు కాంప్-ఆఫ్ గానీ డబ్బు గానీ సిస్టమ్‌లో కనిపిస్తోందా, మీరు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు. కాంప్-ఆఫ్ ఇచ్చామంటే గడువు తేదీ చూడండి. నెలలోపు వాడకపోతే మురిగిపోయేలా పెట్టి, ఆ నెలంతా సెలవు ఇవ్వకపోవడం పాత ఎత్తే. గంటలు తగ్గినట్టు కనిపించినా పని పక్కనున్న కొత్త అమ్మాయి మీద పడిందేమో కూడా చూడండి. రెండు నెలల్లో అది మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

మూడిట్లో ఒక్కటీ కదలకపోతే ఎనిమిదో మెట్టు.

8. వెళ్లిపోవాలనుకుంటే

చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా మానేయాలా? ముందు లెక్కేసుకున్న నెలల అంకె చూడండి. డాక్టర్ మానేయమంటే మాత్రం అంకె చూడకండి.

కొత్త చోట ఇంటర్వ్యూలో "మీ టీమ్‌లో రాత్రి కాల్స్ వారానికి ఎన్ని? ఆన్-కాల్‌కి అలవెన్స్ ఉందా? గత ఏడాది టీమ్ నుంచి ఎంతమంది వెళ్లిపోయారు?" అని అడగండి. నీళ్లు నమిలితే అదే జవాబు. పాత కంపెనీని తిట్టకండి.

ఐటీలో 90 రోజుల నోటీస్ మామూలైపోయింది. రాజీనామా మెయిల్‌లో ఆఖరి పని దినం తేదీ వేసి, సిస్టమ్‌లోనూ నమోదు చేయండి. కారణం "వ్యక్తిగతం" అని రాయాలని రూలేమీ లేదు. ఓవర్‌టైమ్ బకాయి అడగాలనుకుంటే "ఫలానా తేదీల మెయిల్స్‌లో తెలిపిన బకాయిలు సెటిల్‌మెంట్‌లో కలపగలరు" అని చేర్చండి. అయిదేళ్ల సర్వీసుకి కొద్ది నెలల దూరంలో ఉంటే గ్రాట్యుటీ తేదీ చూసుకునే రాజీనామా పెట్టండి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినా తీసేసినా రావలసిన జీతం రెండు పని దినాల్లో చెల్లించాలి. "మా పాలసీ 45 రోజులు" అంటే ఈ సంగతి మెయిల్‌లో గుర్తుచేయండి. "ఇక నాకు ఏ బకాయీ లేదు" అన్న కాగితం మీద డబ్బు చూసుకున్నాకే సంతకం పెట్టండి. మిగిలిన సెలవుల డబ్బు, నోటీస్ కోత, వేరియబుల్ విడివిడిగా చూపించమనండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఫారం 16, ఆఖరి పేస్లిప్ సొంత మెయిల్‌కి తెప్పించుకోండి. ల్యాప్‌టాప్ అప్పగించినట్టు రసీదు తీసుకోండి.

ఆపైన పీఎఫ్ ఖాతాలో మీ ఎగ్జిట్ తేదీ పడిందో లేదో చూడండి. కంపెనీ వేయకపోతే, ఆఖరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. ఒకసారి వేసిన తేదీ మార్చుకోవడం పెద్ద పని, రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీనే చూసి వేయండి.